లూమోక్యీ అవ్వ వెనక్కి తిరగలేదు

మా ఊరి వాగుకి ఇటు గాన్సు రాష్ట్రం, అటు సిచువాన్ రాష్ట్రం. ఇటొక బౌద్ధ మఠం, అటొక బౌద్ధ మఠం. రెంటినీ చుట్టే ప్రదక్షిణ మాత్రం ఒక్కటే. జడలబర్రెల పాలు పితికి బతికే లూమోక్యీ అవ్వ దాన్ని ఏ పొద్దూ మానలేదు.

వానకి ఆ దారిలో వాగు మీది వంతెన కొట్టుకుపోయింది. అది మీదంటే మీదని ఇరుపక్కల అధికారులు వాదించుకున్నారు. ఆ వాదనకి జీతాలు కూడానూ!

ఆ పొద్దున అవ్వ వాగుదాకా నడిచొచ్చి గట్టున చతికిలబడింది.

"అవ్వా, వెనక్కెళ్ళిపోరాదూ?" అన్నాడు ఇటుపక్క అధికారి.

"ప్రదక్షిణలో ఎదురు తిరగమంటావా? మీ అమ్మ నేర్పిందిదేనట్రా?"

ఆమె వెనక వచ్చిన మేమూ తిరగలేదు. మధ్యాహ్నానికి భిక్షువులతో, కాపరులతో దారంతా నిండిపోయింది.

"కూర్చుంటే వంతెన మొలుస్తుందా? దుంగలు తెప్పించండి!" అని అవ్వే కసిరింది.

ఆ మాట నోళ్ళు మారుతూ వెనక్కి పోయింది. దుంగలు భుజాలు మారుతూ ముందుకొచ్చాయి. అవతలి భిక్షువులు తాళ్ళు విసిరారు.

పొద్దు వాలకముందే అవ్వ ఆ దుంగల వంతెన అందరికన్నా ముందు దాటి, అవతలి గట్టు మీంచి కేకేసింది.

"ఒరే అధికారీ, వంతెన ఎవరిదో తేలిందా? తేలకపోతే మా వెనకే నడు!"

గట్లు రెండూ హోరెత్తాయి. అధికారి జీపు అక్కడే వదిలేసి మా వెనక నడిచాడు. మళ్ళీ దాన్ని చేరాలంటే రెండు మఠాలూ చుట్టి రావలసిందే.