ఇసాక్ వాళ్ళిల్లు

గత మంగళవారం పొద్దున మా పక్కింటి మాస్టారు కన్నుమూశారు. బిన్ బయట పెడదామని వెళ్తే, ఆయన్ని చూసుకునే కేరర్ గుమ్మంలో కోటు కూడా విప్పకుండా నిలబడి ఉంది. నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. ఆయనకి ఎనభై దాటాయి. గుండె ఎప్పటినుంచో మొరాయిస్తోంది. ఆశ్చర్యపోవడానికేమీ లేదు. ఏడుపు రావాలి కదా, నాకు కోపం వచ్చింది. ఇంకా దిగలేదు.

శుక్రవారం ఆయన పుట్టిన ఊరి నుంచి పూలచక్రం వచ్చింది. దానికి నీలం రిబ్బన్, దాని మీద బంగారు అక్షరాలు: మా ఊరి చరిత్ర రాసిన బిడ్డకి, కృతజ్ఞతతో. పంపింది ఆ ఊరి ఉత్సవ కమిటీ. చదవగానే ఒళ్ళు మండిపోయింది. ఎందుకు మండిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి శాంతంగా రాయాలంటారు. నావల్ల కాదు.

మేం ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఈ ఇంట్లోకి 2008లో వచ్చాం. ఒకే వరసలో గోడకి గోడ ఆనించి కట్టిన పాత ఇళ్ళు. మా ఆయనకి ఆఫీసు ఉద్యోగం, నాకు ఇంటినుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. పక్కింటాయన జర్మన్. బవేరియాలో ఒక చిన్న పల్లెటూరి మనిషి. వయసులో ఉండగా ఇక్కడి స్కూల్లో జర్మన్ చెప్పడానికి వచ్చి, యార్క్‌షైర్ అమ్మాయిని చేసుకుని ఉండిపోయారు. మేం వచ్చేసరికే ఆమె లేదు. పిల్లలూ లేరు. టీచరని తెలియగానే నేను మాస్టారూ అని పిలిచాను. ఆ పిలుపు ఆయనకి ఎంత నచ్చిందంటే పాలబ్బాయికి కూడా నేర్పబోయారు.

మొదటిరోజు సామాన్లు దింపుతుంటే కంచె అవతల నిలబడి, మీకు ముందు ఈ ఇంట్లో ఎవరుండేవారో తెలుసా అని అడిగారు. నాకేం తెలుసు, ఏజెంట్ చెప్పలేదు. కత్తులు సానబెట్టే ఆయన ఉండేవాడట, జీవితమంతా ఇక్కడే. అయితే మీరు ఇకనుంచి కత్తులవాళ్ళు అని తేల్చేశారు. ఆ మాటని తెలుగులో ఎలా అనాలో నాచేతే చెప్పించుకుని, ఆ రోజు నుంచి నన్ను కత్తులవాళ్ళమ్మాయ్ అనే పిలిచారు. కొన్నాళ్ళు నాకు చిరాకేసింది. నా పేరు నాకు లేదా ఏంటి?

వాళ్ళ ఊళ్ళో అంతేనట. పేరు ఇంటిది. ఆ ఇంట్లోకి ఎవరొచ్చినా ఆ పేరు తగిలించుకోవాల్సిందే. ఎన్నో తరాల కిందట నేతగాడు కాపురమున్న ఇంట్లో ఇవాళ ట్రాక్టర్లు బాగుచేసేవాడు ఉన్నా, ఊరంతా అతన్ని నేతవాళ్ళబ్బాయి అనే అంటుంది. కాగితాల మీద పేరు వేరే ఉంటుంది, దాన్ని ఎవరూ వాడరు. మా ఇంటిపేరు అలా కాదు, మాతోపాటే విమానమెక్కి వచ్చింది అని నేను వాదించాను. "మీ పేరు మనుషుల్ని గుర్తుపెట్టుకుంటుంది, మాది గోడల్ని. రెండూ ఏదో ఒకటి మర్చిపోతాయి," అన్నారాయన.

ఆయన ముందుగదిలో నలభై ఒక్క బిస్కెట్ డబ్బాలు ఉండేవి. ఊళ్ళో నలభై ఒక్క ఇళ్ళు, ఇంటికో డబ్బా. ఒక్కో డబ్బా నిండా చేత్తో రాసిన కార్డులు, ఎవరు ఎప్పుడు ఆ ఇంట్లోకి వచ్చారు, ఎందుకు పోయారు అని. సెలవులకి వెళ్ళినప్పుడల్లా చర్చి రిజిస్టర్లు, ఒకప్పుడు ఆ ఊరి మీద పన్ను వసూలు చేసిన మఠం కాగితాలు తిరగేసి రాసుకున్నవి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని నామీద పడింది. టీకి రమ్మనాలంటే ఆయన చేతికర్రతో గోడ మీద మూడుసార్లు కొట్టేవారు. అలా ఎన్ని శనివారాలు వెళ్ళానో. నాకు జర్మన్ రాదు. కార్డు చూసి అక్షరం తర్వాత అక్షరం కొట్టేదాన్ని, ఆయన పక్కన కూర్చుని ఇంగ్లీషులో అర్థం చెప్పేవారు.

పదిహేడో శతాబ్దంలో, ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో స్వీడన్ సైనికులు ఊరు తగలబెట్టారు. మిగిలినవాళ్ళని ప్లేగు తీసుకుపోయింది. మతం పేరుతో ఆస్ట్రియా నుంచి గెంటేస్తే వచ్చినవాళ్ళు ఆ ఖాళీ ఇళ్ళల్లో దిగి, ఆ ఇళ్ళ పేర్లు తగిలించుకున్నారు. తర్వాత ఫ్రెంచి సైన్యం వచ్చి గుర్రాల్ని తోలుకుపోయింది. ఇదంతా ఆయనకి నిన్నటి సంగతి. మఠం గుమాస్తా పన్ను కింద ఒక ముసలమ్మ దగ్గర కోడిపెట్టను ఎక్కువ పట్టుకెళ్ళాడని, వందల ఏళ్ళ తర్వాత షెఫీల్డ్‌లో కూర్చుని బల్ల గుద్దేవారు. నేను నవ్వితే ఉడుక్కునేవారు. ఆ ముసలమ్మకి అదొక్కటే కోడి అనేవారు.

నలభై ఒకటో డబ్బా మాత్రం తెరిచేవారు కాదు. దాని సంగతేంటని అడిగితే, ఇంకా అవలేదు అనేవారు. బ్రెగ్జిట్ ఓటు జరిగిన వారం పోస్టాఫీసు క్యూలో ఎవరో ఆయన యాస విని, నువ్వు మీ దేశానికి ఎప్పుడు పోతున్నావని అడిగారట. జీవితంలో ముప్పాతిక వంతు ఇక్కడే గడిపిన మనిషిని! ఆ శనివారం నేను వెళ్ళేసరికి ఆ డబ్బా బల్ల మీద ఉంది.

"ఊళ్ళో నన్ను ఇసాక్ వాళ్ళబ్బాయి అనేవాళ్ళు," అన్నారు. "మా ఇంట్లో ఇసాక్ అనే మనిషి ఎవరూ లేరు. పదకొండేళ్ళప్పుడు మా అమ్మని అడిగాను, ఇసాక్ ఎవరమ్మా అని. చెంప పగలగొట్టింది."

ఇసాక్ అంటే పశువుల బేరం చేసే యూదుడు. అతని వంశం నాలుగు తరాలు ఆ ఇంట్లో ఉంది. ఊళ్ళో ప్రతి కొట్టంలోనూ వాళ్ళు అమ్మిన ఆవు ఉండేది. నాజీల కాలంలో ఆ ఆవుల పాలు తాగినవాళ్ళే వెళ్ళి కిటికీలు పగలగొట్టారు. వాళ్ళని ఊళ్ళోంచి వెళ్ళగొట్టి ఇల్లు వేలం వేశారు. కొన్నది మాస్టారి నాన్న. ఆ మరుసటి ఏడాది ఆ ఇంటి మేడగదిలో మాస్టారు పుట్టారు. చివరి కార్డులో నలుగురి పేర్లు, వాళ్ళని ఎక్కించిన రైలు ఎటు వెళ్ళిందో ఒక లైను. ఆ తర్వాత కార్డు లేదు.

"వాళ్ళ పేరుతో నన్ను పిలిచారు, వాళ్ళెవరో చెప్పకుండా నన్ను పెంచారు. ఊరంతా కలిసి," అన్నారు మాస్టారు. కార్డుల్లో లేని వేలం సంగతి, నాన్న కొన్న సంగతి అప్పటికప్పుడు రాసిచ్చారు, ఆ పేజీ కూడా టైపు చేశాను.

ఆ తర్వాత రెండేళ్ళకి ఆ ఊరికి ఏదో పెద్ద వార్షికోత్సవం వచ్చింది. మాస్టారి చరిత్రని పుస్తకంగా వేస్తామని కమిటీ రాసింది. ఆయనకి ఈమెయిల్ లేదు కనక ఉత్తరాలన్నీ నాకే వచ్చేవి. కార్యదర్శి మహా మర్యాదస్తుడు, ప్రతి ఉత్తరంలోనూ ఇక్కడి వాతావరణం ఎలా ఉందని అడిగేవాడు. అచ్చుకి వెళ్ళేముందు ప్రూఫులు పంపాడు. స్థలం చాలక కొన్ని చోట్ల కుదించాం, గురువారం లోపు సరే అనండి, లేకపోతే ఉత్సవానికి పుస్తకం అందదు అన్నాడు. అప్పుడు మాస్టారు గుండె నొప్పితో హాస్పిటల్లో ఉన్నారు.

నేను కంప్యూటర్ అనువాదంలో పెట్టి చూశాను. నలభై ఇళ్ళు చెక్కుచెదరలేదు. కోడిపెట్ట కూడా ఉంది. నలభై ఒకటో ఇంటి పేజీ మాత్రం ఒక్క లైనైంది: ఆ రోజుల్లో ఈ ఇల్లు కొత్త యజమానికి వచ్చింది.

నేను చూశాను. చూడలేదని అబద్ధమాడను. ఒక్క పేజీయే కదా, పెద్దాయన బతికుండగా పుస్తకం చేతికొస్తుంది కదా అనుకున్నాను. ఆఫీసు మీటింగుకి టైమవుతోంది కూడా. ఆయన పేరుతో సరే అని కొట్టి పంపేశాను. అదీ నేను వెలగబెట్టిన పని. కమిటీవాళ్ళని తిట్టినప్పుడల్లా ఆ సరే ఎవరిదో నాకు గుర్తొస్తుంది. వాళ్ళకి సిగ్గులేదు, నాకు బుద్ధిలేదు.

ఆయన హాస్పిటల్ నుంచి వచ్చాక పెట్టె వచ్చింది. పది కాపీలు. మాస్టారు అట్ట కూడా చూడకుండా నేరుగా చివరికి తిప్పారు. చదివి, కళ్ళజోడు తీసి, నీకు తెలుసా అని అడిగారు. తెలుసన్నాను.

"ఇల్లు తనంతట తాను ఎవరి దగ్గరికీ రాదు," అన్నారు. "ఒకడు వెళ్ళగొట్టాలి, ఒకడు కొనాలి. ఆ రెండోవాడు మా నాన్న. ఆ మాట నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?"

రెండు నెలలు నాతో మాట్లాడలేదు. గోడ మీద చప్పుడు లేదు. ఎదురుపడితే మా ఆయన్ని పలకరించేవారు, నన్ను దాటేసి చూసేవారు. నాకూ పంతం వచ్చింది. ఇన్నేళ్ళు వెట్టిచాకిరీ చేస్తే ఇదా మర్యాద అని వంటింట్లో గిన్నెలు విసిరేశాను. ఆయన పంతమే న్యాయమని నాకు లోపల తెలుసు, అందుకే అంత చప్పుడు చేశాను.

తర్వాత ఒక శనివారం గోడ మీద మూడు దెబ్బలు వినిపించాయి. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. బల్ల మీద పది పుస్తకాలు, జిగురు డబ్బా, సమానంగా కత్తిరించిన పది కాగితాలు. ఆ పేజీలో ఉండాల్సింది నాలుగు ముక్కల్లో చేత్తో రాసి, ఆ అబద్ధపు లైను మీద అతికిస్తున్నారు. ఒక్క కాగితానికి ఒక పూట పడుతోంది. నేను ప్రింటు తీసిస్తానంటే ఒప్పుకోలేదు, వేలంలో పాట పాడింది మిషను కాదు అన్నారు. ఒక్కో కాపీ ఊళ్ళో ఒక్కో ఇంటికి వెళ్ళాలట. కమిటీలో ఎవరెవరు ఉన్నారో వాళ్ళందరి ఇళ్ళకీ.

"పోస్టాఫీసుకి మాత్రం నువ్వే వెళ్ళాలి, కత్తులవాళ్ళమ్మాయ్," అన్నారు. క్షమాపణ గురించి మా మధ్య అంతకు మించి మాట రాలేదు.

తొమ్మిది పంపాం. ఒక్కటికీ జవాబు రాలేదు. వాతావరణం అడిగే పెద్దమనిషి కూడా ఉలకలేదు, పలకలేదు. చచ్చిపోయాక మాత్రం రిబ్బన్ పంపాడు.

పదోది ఆయన సొంత ఇంటికి. అక్కడిప్పుడు మాస్టారి అన్న మనవడు ఉంటున్నాడు. అతన్ని కూడా ఊరు ఇసాక్ వాళ్ళబ్బాయి అనే అంటుందట. ఎందుకో అతనికి ఎవరూ చెప్పి ఉండరు. ఆ కాగితాన్ని మాస్టారు రోజూ రేపు రేపు అంటూ దాటేశారు. అంత్యక్రియలు అయ్యాక, ఆయన ఇంటి తాళం నా దగ్గరే ఉంది కనక వెళ్ళి చూశాను. బల్ల మీదే ఉంది. సగం రాశారు. ఎవరు కొన్నారో చెప్పే చోట కలం ఆగిపోయింది.

కూర్చుని మిగతా సగం నేను రాశాను. అర్థం తెలియని భాష, కానీ మాటలన్నీ నా కంప్యూటర్లో ఉన్నాయి. అక్షరం తర్వాత అక్షరం చూసి దింపాను, శనివారాల్లో చేసినట్టే. ఈసారి మాత్రం ఏ మాట దగ్గర ఏముందో నాకు తెలుసు. ఇసాక్ కుటుంబం ఈ ఇంటిని వదిలి వెళ్ళలేదు, వాళ్ళని వెళ్ళగొట్టారు. వేలంలో దీన్ని కొన్నది మా నాన్న. నేను ఇక్కడే పుట్టాను, వాళ్ళ పేరుతో పెరిగాను. కాగితం అతికించాను. పూలచక్రం నుంచి ఆ నీలం రిబ్బన్ కత్తిరించి తెచ్చి అదే పేజీలో పెట్టాను. పూలేం పాపం చేశాయని మా ఆయన అంటే, వాటిని మాస్టారి గుమ్మంలోనే వదిలేశాను.

నిన్న పోస్టాఫీసులో కౌంటర్ దగ్గరి అమ్మాయి కవరు అటూ ఇటూ తిప్పి, మనిషి పేరు లేదు, ఇంటి నంబరు లేదు, ఇది చేరదు అంది. చేరుతుందన్నాను. ఊరి పేరు పైన నేను రాసింది ఒక్కటే, ఇసాక్ వాళ్ళిల్లు అని. ఆ ఊరి పోస్ట్‌మ్యాన్ ఎవర్నీ దారి అడగడు. ఆ పేరు చదువుకుని, సైకిలు దిగి, నేరుగా వెళ్ళి ఆ తలుపు కొడతాడు.