గుట్ట కొసన అమ్మ పిలిచిన పేరు

మొన్న చలికాలంలో మా అమ్మాయి, అల్లుడు నన్ను కొంకణ తీరానికి తీసుకుపోయారు. సముద్రమంటే ఇసుకలో కూర్చుని మొక్కజొన్న కంకి తినడం అనుకుని బయలుదేరిన నన్ను, తీరా అక్కడికి వెళ్లాక కొండ అంచున కాలిబాట పట్టించారు. ఒక పక్క ఎండిన గడ్డి, ఇంకో పక్క నిలువునా దిగిపోయిన నల్లటి రాయి, దాని కింద తెల్లగా విరుగుతున్న నీళ్లు. ఎప్పుడో భూమి పగిలి, లోపలి నిప్పు పొంగి, పొర మీద పొరగా పారి చల్లారితే ఈ రాయి అయ్యిందని అల్లుడు చెప్పాడు. కొన్నిచోట్ల అది మెట్లుమెట్లుగా ఉంది, కొన్నిచోట్ల స్తంభాలు నిలబెట్టినట్టుంది. ఒకచోట సముద్రం దాన్ని తొలిచి దర్వాజా చేసుకుంది. చూసుకుంటూ, మోకాళ్ల సంగతి మరిచిపోయి నేనూ బాగానే నడిచాను. ఇంతలో అల్లుడు ఫోటో కోసం అంచుదాకా పోయి ఇంకా ముందుకు వంగాడు. అమ్మాయి అతన్ని పేరు పెట్టి గట్టిగా పిలిచింది. అలల హోరులో వినపడలేదు. మళ్లీ పిలిచింది. అతను వెనక్కి తిరిగి నవ్వుతూ చెయ్యి ఊపాడు. జరిగింది అంతే. నేను మాత్రం అక్కడే ఒక బండ మీద కూర్చుండిపోయాను. "ఏమైంది మమ్మీ, కండ్లు తిరుగుతున్నయా?" అని అమ్మాయి నీళ్ల సీసా అందించింది. కండ్లు తిరగలేదు. కొండ అంచున నిలబడి ఒక ఆడమనిషి తన మనిషిని పేరు పెట్టి పిలవడం అంతకుముందు నేను ఒక్కసారే విన్నాను. అది మా అమ్మ గొంతు.

అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. మాది లింగాల ఘనపూర్ పక్కన ఒక పల్లె. వ్యవసాయం, పెద్ద ఇల్లు, ఇంటినిండా తాత కాల్చే చుట్టల వాసన. మొదటి మగపిల్లవాడికి తాత పేరు పెట్టడం మా ఇళ్లలో రివాజు. కోడలు మామ పేరు నోట అనకూడదన్నది ఇంకో రివాజు. ఈ రెండు రివాజులు పెట్టిన పెద్దలు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నట్టు లేదు. రెండూ కలిసి మా అమ్మ నోరు కట్టేశాయి. కన్నకొడుకును పేరు పెట్టి పిలిచే వీలు లేక, మా అన్న ఆమెకు పుట్టిననాటి నుంచీ 'పెద్దోడు' అయ్యాడు. ఆ పేరే ఉన్న దేవుడి జాతరకు పోతే 'ఆ దేవుడు' అని మొక్కేది. ఆ పేరే ఉన్న దుకాణదారు 'మూలమీదాయన'. అన్నను బడిలో వేసేటప్పుడు పంతులు పేరు అడిగితే, తోడు వచ్చిన పొరుగింటామెను చూపించి ఆమె చెప్తుందందట. ఆమె కూడా తాతకు వరసకు కోడలే. ఇద్దరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడితే, పంతులు విసిగిపోయి పిల్లవాణ్నే అడిగాడట. మా అన్న తన పేరు తానే చెప్పుకుని బడిలో చేరాడు.

అరవైతొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మొదలై బడులూ కాలేజీలూ మూతబడ్డాయి. పరీక్షలు లేవన్న సంతోషం నాకు. అన్నకు మాత్రం నిద్ర లేదు. హనుమకొండలో డిగ్రీ చదివేవాడు. "మన మాట సినిమాల నవ్వుకోనీకేనా? కొలువులు గూడ మనయి కావా?" అని ఇంట్లో కూడా ఉపన్యాసం చెప్పేవాడు. ఊరేగింపుల్లో ముందుండేవాడు. ఒకరోజు లాఠీలు లేచాయి. కొందరు దొరికారు. అన్న పేరు పోలీసుల దగ్గరికి చేరిందని తెలిసి, బాపు అతన్ని భూపాలపల్లి గుట్టల కింద మా చిన్నమ్మ ఊరికి పంపించాడు. అక్కడ కొన్నాళ్లు బాగానే ఉన్నాడు. ఒక పొద్దున ఆ ఊళ్లోకి పోలీసు జీపు వచ్చింది. ఏదో పొలం గెట్టు పంచాయితీకి వచ్చిందని తర్వాత తెలిసింది. అప్పటికే అన్న గోడ దూకి గుట్ట ఎక్కేశాడు. గుట్ట మీద మేకలు మేపే ఒక లంబాడీ ఆమె, చిన్నమ్మ కట్టిచ్చిన సద్ది తీసుకుపోయి ఒక బండ సందులో పెట్టి వచ్చేది. అన్న ఆమె కంట కూడా పడలేదు, ఎక్కడ తలదాచుకున్నాడో ఆమెకూ తెలియదు. కొన్నాళ్లకు ఆ సద్ది పెట్టింది పెట్టినట్టే ఉండి చీమలు పట్టింది. మర్నాడూ అంతే. చిన్నాయన ఆ కబురు మోసుకొచ్చేసరికి బాపు వరంగల్‌లో వకీళ్ల చుట్టూ తిరుగుతున్నాడు. తాతకు నడక లేదు. అమ్మ ఇంకెవరికోసమూ చూడలేదు. "నడువు బిడ్డా" అని నన్ను లేపి బయలుదేరింది.

బస్సులు సరిగ్గా నడవని రోజులు. లారీ ముందు సీట్లో కొంత దూరం, ఎడ్లబండి మీద కొంత దూరం పోయినం. చిన్నమ్మ ఇంట్లో చాయ్ కూడా తాగకుండా లంబాడీ ఆమె వెంట గుట్ట ఎక్కింది. ఆ గుట్టల రాయి వేరు. ఈ సముద్రపు రాయి నిప్పులో పుట్టి నల్లబడింది, అది ఎర్రగా, జొన్నరొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలుపొరలుగా ఉంటుంది. కింద గాలి తొలిచిన గుహలు, పైన ఎప్పుడు పడతాయో అన్నట్టు ముందుకు వంగిన బండలు. ఆ ప్రాంతంలో వింతగా కనిపించిన ప్రతి రాయినీ పాండవుల లెక్కలో వేశారు. ఇది భీముడు కూర్చున్నది, ఇది ద్రౌపది వండింది అని వేరే రోజైతే లంబాడీ ఆమె చూపించేదేమో. ఆ రోజు ఆమె కూడా కింద లోయలోకే చూస్తూ నడిచింది. బాట గుట్ట అంచునే పోతుంది. గాలికి నా లంగా కాళ్లకు చుట్టుకుంటుంటే నేను గోడకు పాకే బల్లిలా బండను పట్టుకుని నడిచాను. అమ్మ చెప్పులు విడిచి చేత పట్టుకుంది.

"పెద్దోడా… ఓ పెద్దోడా" అని అమ్మ పిలుస్తూ పోయింది. బండలు ఆ పిలుపును తిప్పి మాకే ఇచ్చాయి. నేను "అన్నా" అని అరిచాను. అదీ తిరిగొచ్చింది. చాలాసేపటికి లంబాడీ ఆమె ఆగి, "గిట్ల పిలిస్తె ఎట్లమ్మా? పెద్దోడు లేని ఇల్లుందా? పేరు పెట్టి పిలువు" అంది. అమ్మ తల వంచుకుంది. ఆమెకు సంగతి అర్థమైనట్టుంది, వాళ్లలోనూ ఏవో రివాజులు ఉంటాయి కదా. నన్ను అడిగి పేరు తెలుసుకుని, మేకలను మళ్లించే గొంతుతో తానే పిలిచింది. లోయంతా మోగింది. ఎవరూ పలకలేదు.

అలా పిలుచుకుంటూ గుట్ట కొసకు వచ్చినం. ఆ తర్వాత బాట లేదు, అడుగున చెట్ల తలలు ఆవగింజల్లా కనిపిస్తున్నాయి. "ఈడ లేకుంటె ఇగ లేడమ్మా," అంది లంబాడీ ఆమె నెమ్మదిగా, "ఈడికెల్లి జారితె మేము మేకలను గూడ ఎతుకం." నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఏడవలేదు. చేతిలోని చెప్పులు కింద పెట్టింది. కొంగు తీసి తల నిండా కప్పుకుంది. ఇంట్లో తాత ఎదురుపడితే అలాగే కప్పుకునేది. అట్లా కప్పుకుని, లోయ వైపు తిరిగి, నా అన్న పేరు పిలిచింది. మొదటిసారి గొంతు తడబడింది. రెండోసారి పూర్తిగా, ఇంటి పేరు తప్ప ఏదీ మిగలకుండా పిలిచింది. బండలు ఆ పేరును తిప్పి ఆమెకే చెప్పాయి. తర్వాత గాలి ఒక్కటే ఉంది. ఆ తర్వాత, సరిగ్గా మా పాదాల కింద నుంచి, "అవ్వా" అన్న గొంతు వచ్చింది. 

మేం నిలబడ్డ బండ కింద ఒక చీలికలో పడి ఉన్నాడు. కాలు విరిగింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. రాతి గుంటలో నిలిచిన వాన నీళ్లు తాగి బతికాడు. తండా వాళ్లు వచ్చి, మంచం తిరగేసి కట్టి దింపుకొచ్చారు. చిన్నమ్మ ఇంట్లో కాలికి వెదురు బద్దలు కట్టించుకుని అన్న పడుకున్నప్పుడు అమ్మ అడిగింది, అంతసేపు పిలిస్తే ఎందుకు పలకలేదని. అన్న కళ్లు మూసుకునే చెప్పాడు. "జెరమొచ్చినకాంచి నువ్వు పెద్దోడా పెద్దోడా అని పిలుస్తనే ఉన్నవే. పలికి పలికి యాష్టకొచ్చిన. ఇయ్యాల పిలిచింది గూడ జెరమే అనుకున్న. ఎవరో ఎరుకలేనామె పేరు పెట్టి పిలిస్తె, పోలీసోళ్లు తోలిచ్చిండ్రని ఊపిరి బిగవట్టిన. నీ నోట నా పేరు మాత్రం… మతి తప్పినోనికి గూడ గట్ల వినపడదు. అందుకే నిజమనుకున్న."

ఇంటికి తిరిగి వచ్చాక అమ్మ స్నానం చేసి, వంట ముట్టకుండా, తాత కూర్చున్న గది తలుపు వెనక నిలబడింది. వాళ్లిద్దరూ సూటిగా మాట్లాడుకోరు కాబట్టి నన్ను మధ్యలో నిలబెట్టింది. "తాతకు చెప్పు బిడ్డా, తప్పయింది. గుట్ట మీద పేరు తీసిన." తాతకు చెవులు బాగానే పనిచేసేవి. ఆయన చుట్ట పక్కన పెట్టి, "పలికిండా అని అడుగు" అన్నాడు నాతో. "పలికిండు" అంది తలుపు. "మరింకేంది? అన్నం తినుమను" అన్నాడు తాత. అమ్మ తిన్నది, కానీ ఆ తర్వాత చాలాకాలం శనివారాలు ఒక్కపొద్దు ఉంది. ఎందుకని మేమెవరం అడగలేదు.

పోలీసుల సంగతి మెల్లగా చల్లబడింది. అన్న కాలు మాత్రం కుదురుకోలేదు. కుంటుకుంటూనే చదువు ముగించి జనగామలో టీచరయ్యాడు. ఆ ఉద్యమం మాట ఎవరైనా ఎత్తితే బయటికి వెళ్లిపోయేవాడు. తాత పోయాక అమ్మను ఆటపట్టించేవాడు. "ఇగ తాత లేడు గదనే, ఒక్కసారి పిలువరాదు." అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, "మామ లేకుంటె ఆ పేరు నాదైతదా?" అనేది. నాకు మాత్రం ఆ రివాజు లేదు కాబట్టి నేను కావాలని ఆమె ముందు ఆ పేరు నాలుగుసార్లు అనేదాన్ని. చెవులు మూసుకునేది.

ఎనభైల మధ్యలో ఒక ఎండాకాలం అన్న బడి నుంచి వచ్చి, మంచినీళ్లు అడిగి, నీళ్లు వచ్చేలోపే పోయాడు. గుండె అన్నారు. నేను మా అత్తవారి ఊరు మానుకోట నుంచి రైల్లో వచ్చేసరికి ఇల్లంతా జనం. వదిన స్పృహ లేకుండా ఉంది. అమ్మ అన్న తల దగ్గర కూర్చుని ఉంది, కంట్లో చుక్క నీరు లేదు. ఏడ్వమని, ఏడ్వకుంటే గుండె పగులుతుందని అందరూ చెప్పారు. ఆమె ఎవరి మాటా విన్నట్టు లేదు. నన్ను చూసి కూడా చూడలేదు. కాసేపటికి కొంగు తీసి తల నిండా కప్పుకుంది. ఏం జరగబోతోందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అమ్మ ముందుకు వంగి, కొడుకును పేరు పెట్టి పిలిచింది. గుట్ట కొసన పిలిచిన గొంతే. ఏడుస్తున్న వాళ్లంతా ఆగిపోయారు. ఆమె చెవి వంచి వింటూ ఉండిపోయింది. మళ్లీ పిలిచింది. మళ్లీ విన్నది. తర్వాత నా వైపు తిరిగి, ఫిర్యాదు చెప్పినట్టు, "పలుకుతలేడే" అంది.

అమ్మాయి ఇచ్చిన నీళ్లు తాగాను. అల్లుడు వచ్చి తీసిన ఫోటో చూపించాడు. నల్లరాయి, నురుగు, ఎండ, అన్నీ బాగా వచ్చాయి. "ఇంకోసారి అంచుకు పోకు నాయినా" అన్నాను. సరేనన్నాడు. అమ్మాయి నన్ను చెయ్యి పట్టుకుని లేపింది. ఇప్పుడు నేను, ఆ గుట్ట ఎక్కిననాటి అమ్మకన్నా ఎంతో పెద్దదాన్ని. ఎన్నో ఏళ్లు గడిచాయని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ గుట్ట కొసన అమ్మ పిలిచాక అన్న పలికేలోపు గాలి ఒక్కటే ఉన్న ఆ కాస్త సేపు, అది మాత్రం నాకు ఇంకా గడవలేదు.