సగం ఉంచమన్న బీడు

మొన్న పలాస వచ్చే ప్యాసింజరు హరిశ్చంద్రపురంలో ఆగిపోయింది. పట్టాల పక్కన ఎవరో ఎండుగడ్డికి నిప్పు పెట్టారు. ఆ పొగ ముక్కుకు తగిలేసరికి నేను సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. నాకు పొగ పడదనుకుని ఎదుటావిడ చోటు మార్చుకోమంది. చోటు మారితే పోయేదైతే ఎప్పుడో మారేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన రెండో ఏడో, మూడో ఏడో. నాకు చదువు లేదు గానీ ఆవు ఈతలను బట్టి ఏ ఏడు ఏం జరిగిందో చెప్పగలను. అది మా ఎర్రావుకు రెండో చూలు. అక్కుపల్లి వైపు మా జీడితోటకీ సముద్రానికీ నడుమ ఇసక బీడు ఒకటి ఉండేది, నిండా గరిక. ఫాల్గుణం చివర దాన్ని తగలబెట్టడం మా ఇంటి పద్ధతి. పొయ్యిలో నిప్పు పగిలిన కుండలో పట్టుకెళ్లి కోడలే అంటించాలి. ముదురు గడ్డి కాలిపోయేది, చైత్రంలో ఒక్క జల్లు పడగానే మసిలోంచి లేత మొలక లేచేది. అది తిని ఆవు ఈనితే, దూడ తాగగా మిగిలిన పాలే మా పిల్లలకు.

మా అత్తకు మాత్రం అప్పటికి రెండు మూడేళ్లుగా మనసు నిలకడగా లేదు. జల్లు ఒక ఏడు ఆలస్యంగా వచ్చింది, మరో ఏడు నాలుగు చుక్కలు రాల్చి పోయింది. రోజూ బీడులోకెళ్లి ఒట్టి కాళ్లతో నేల వేడి చూసి వచ్చేది. ఆ ఏడు పలాసలో జీడిపిక్కల పనికి పోతూ గుమ్మంలో ఆగి, "సగమే తగలెట్టే. సగం ఉంచీ. వాన మనింటి కోడలేటి, వేళకి లెగడానికి?" అంది.

సరేనన్నాను. సగం కాల్చి, పచ్చి కొమ్మలతో బాది ఆర్పాను కూడా. అంతలో మా తోటికోడలు దడి అవతలి నుంచి చూసి, "ఏటప్పా, సగం గుండుతో మొక్కు సెల్లిపోద్దేటి?" అంది. నాకు రోషం వచ్చింది. మిగతా సగానికీ అంటించేశాను.

చైత్రం పోయింది, వైశాఖం పోయింది, చినుకు లేదు. ఇసక నిప్పులా కాలింది. మసిని కూడా గాలి ఎత్తుకుపోయింది. సముద్రం మీద మబ్బు తునక కనిపిస్తే చాలు, చేతిలో పని వదిలి వాకిట్లోకి పరిగెత్తేదాన్ని. మా ఉద్దానం తోటల్లో ఎటు చూసినా పచ్చదనమే, జీడాకు, కొబ్బరాకు. ఆవు నోటికి మాత్రం ఏదీ పనికిరాదు. అది మసి నేలను నాకి నా వైపు చూసేది. అత్త నన్ను తిట్టి ఉంటే రాత్రి ఇంత అన్నమైనా దిగేది.

ఎముకల మీద తోలుగా మిగిలి ఆవు ఈనింది. ఆ తరువాత వాన, అన్ని నెలలదీ రెండు రోజుల్లోనే గుమ్మరించింది. వారానికి బీడంతా పచ్చబడితే నేను కేకేసి అత్తను పిలిచాను. ఆమె వంగి చూసింది. లేచినదంతా పల్లేరు, వయ్యారిభామ. వేళ్లు ఆ ఇసకలోనే మాడిపోయి, గరిక ఎక్కడో ఒక దుబ్బు. ఆవు వాసన చూసి మొహం తిప్పుకుంది.

పాలు దూడకే చాలలేదు. టెక్కలి దగ్గర మా ఆడపడుచు ఇంటి పక్క కాలవగట్టున గడ్డి ఉంటే, తల్లినీ బిడ్డనూ అక్కడికి పంపాల్సి వచ్చింది. పలుపు అత్త చేతికిస్తూ, నా వల్లే అత్తా, అని ఏడ్చాను. ఆమె దూడ మూతి తుడుస్తూ, "తగలెట్టడం నీకు నేర్పింది నానే కదే. నాకు మా అత్త నేర్పింది. అప్పుడు వాన వచ్చీది" అంది. దూడ నడకతో తన నడక కలుపుకుని మెల్లగా వెళ్లిపోయింది.

ఆవు మళ్లీ మా ఇంటికి రాలేదు, బీడుకు గరిక కూడా రాలేదు. చైత్రం, వైశాఖం అని నెలలను ఇప్పటికీ ఆ పేర్లతోనే పిలుస్తున్నాం. వాటి లోపలి రోజులు ఎప్పుడు మారిపోయాయో మాత్రం మాకెవరూ చెప్పలేదు.