బడేసాహెబ్ రబ్బరు జోస్యం

కోవూరు బజారులో బడేసాహెబ్‌ను ఏ సంగతి కదిపినా అది తిరిగి తిరిగి రబ్బరు దగ్గరికే వచ్చి ఆగేది. ఆయనది టైర్ల అంగడి. టైరు అమ్మడం కన్నా, రేపు రబ్బరు ధర ఎటు పోతుందో చెప్పడమే ఆయనకు ఎక్కువ ఇష్టం. కేరళలో వాన పడిందా, థాయిలాండు తోటలకు తెగులు సోకిందా, ముడి చమురు ఎక్కిందా దిగిందా అని పొద్దున్నే ఫోనులో చూసుకుంటే గానీ టీ గ్లాసు ముట్టడు.

కూతురు ఫరీన్‌కు ఇది ప్రాణసంకటం. మేనత్త కూతురి పెళ్లిచూపుల నాడు, "కుర్రాడు ఎట్లా ఉండాడన్నా?" అని మేనత్త మెల్లగా అడిగింది. ఆయన మెల్లగా చెప్పలేదు. "చెట్టు రబ్బరమ్మా. బాగా సాగుతాడు, తెగడు. ఎండన పెడితే మాత్రం పగులుతాడు. వాళ్లన్న ఫ్యాక్టరీ రబ్బరు. అరగడు గానీ, సాగమంటే సాగడు." పెళ్లికొడుకు తండ్రి బిర్యానీలో పెట్టిన చెయ్యి అట్లాగే ఆపేశాడు. ఫరీన్ దుపట్టా ముఖానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి నడిచింది.

పోనీ, ఆ జోస్యానికైనా నిలకడ ఉందా అంటే అదీ లేదు. ఇసుక లారీల నరేంద్రబాబు వస్తే, "కేరళలో వాన. చెట్లకు గాటు పెట్టరు, పాలు రావు. సరుకు తగ్గితే ధర ఎక్కుతుంది. ఈరోజే వేయించుకో," అనేవాడు. ఆ వెనకే మోపెడ్ మీద చేపలమ్ముకునే పెంచలమ్మ వస్తే, "కేరళలో వాన. చెట్లు బలుస్తాయి, రేపు పాలు పొంగుతాయి. ధర పడిపోతుంది. ఇప్పుడు కొనబాకు," అని, లోపలికి పోయి పెద్దగా అరగని పాత టైరొకటి తెచ్చేవాడు. "అందాకా ఇది తొడిగించుకో. ఎట్లా నడుస్తా ఉందో నాకు చెప్పు."

"ఒకే వానకు రెండు ధరలేంది నాయనా? జనం నవ్వుతా ఉండారు," అనేది ఫరీన్.

"నవ్వనీ. గిరాకీ అనేది మనిషి మనిషికీ మారతాది," అనేవాడు.

నెల్లూరులో ఉద్యోగం చేసుకునే ఫరీన్ కాళ్లరిగేలా తిరిగి, ఒక టైర్ల కంపెనీ మేనేజరును అంగడికి రప్పించింది. ఆయనకు నచ్చితే డీలర్‌షిప్పు వచ్చినట్టే. ఆ పొద్దున తండ్రికి ఒక్కటే చెప్పింది.

"ఈరోజు రబ్బరు మాట ఎత్తబాకు నాయనా."

"టైర్ల అంగట్లో కూర్చోని రబ్బరు మాట ఎత్తకుండా ఇంకేం మాట్లాడేదే?"

అయినా పాపం, మాట నిలబెట్టుకున్నాడు. మేనేజరు అడిగినవాటికి పొడిపొడిగా జవాబులు చెబుతూ, పెదవులు బిగించి, ఉపవాసం ఉన్నవాడిలా కూర్చున్నాడు. అంతలో ఎస్తేరమ్మ వచ్చింది. కోవూరు నుంచి నెల్లూరుకు ఆటో నడుపుతుందామె. ముందు టైరు గుండులా నున్నగా అరిగిపోయి ఉంది.

"కొత్తదెంత బడేసాబన్నా?"

ఆయన చెప్పాడు. ఎస్తేరమ్మ కొత్త టైరును అరచేత్తో ఒకసారి నిమిరి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

బడేసాహెబ్ ఇక ఆగలేకపోయాడు. "ఇప్పుడు కొనబాకమ్మా. ముడి చమురు దిగుతా ఉంది. చమురు దిగితే దాంతో చేసే ఫ్యాక్టరీ రబ్బరు దిగతాది. అది దిగితే చెట్టు రబ్బరును అడిగే నాథుడు ఉండడు."

మేనేజరు తలెత్తి చూశాడు. ఫరీన్‌కు చెవుల దాకా వేడెక్కింది.

"పొద్దున నువ్వే కదా నాయనా, చమురు ఎక్కిందన్నావు? ఎస్తేరక్కా, ఆయన మాటలు పట్టించుకోబాకు. ధర పెరుగుతా ఉంది. ఈరోజే తీసుకో. బిల్లు రాసేదా?"

అంగట్లో ఉన్నవాళ్లందరూ ఎస్తేరమ్మ వైపు తిరిగారు. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"ఇప్పుడు నా దగ్గర లేవమ్మా," అంది నేల చూస్తూ. "మా ఆయన ఆసుపత్రిలో ఉండాడు." ఆ మాట అనేసి గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది.

ధర ఎవరికి ఎక్కేదో, ఎవరికి దిగేదో అప్పుడు అర్థమైంది ఫరీన్‌కు. మేనేజరు టీ తాగి లేస్తూ, "డీలర్‌షిప్పిస్తే మా సరుకు మీరే వద్దనేట్టున్నారు సాహెబ్ గారూ," అని నవ్వి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లింది కూడా ఆమె చూడలేదు.

"ధర తగ్గదని నీకు తెలుసు కదా నాయనా?"

"తెలుసు." ఆయన కూతురి ముఖం చూడకుండా మెల్లగా అన్నాడు. "లేవు అని నలుగురిలో చెప్పాలంటే మనిషికి సిగ్గు తల్లీ. రబ్బరు మీదికి నెట్టేస్తే, దానికేం సిగ్గు?"

ఫరీన్ లోపలికి పోయి, పాతవాటిలో మంచి టైరు వెతికి బయటికి తెచ్చింది. ఆఫీసు బట్టలతోనే దాన్ని నడిబజారులో దొర్లించుకుంటూ ఆటో స్టాండుకు నడిచింది. చేతులు నల్లబడ్డాయి. దారిలో ఎవరు పలకరించినా తలెత్తలేకపోయింది.

ఎస్తేరమ్మ ఆటోలో ఒంటరిగా కూర్చుని ఉంది.

"తప్పయిపోయిందక్కా. ఆయన మాట నేను నిజమనుకున్నా," అంది ఫరీన్. టైరును ఆటోకు ఆనించి నిలబెట్టింది.

ఎస్తేరమ్మ టైరు వైపు చూసింది, నల్లబడిన ఆ చేతుల వైపు చూసింది. ఆమె ముఖంలో నవ్వు కదిలింది.

"మీ నాయన జోస్యం నమ్మినదానివి ఈ కోవూరులో నువ్వొక్కదానివేనమ్మా," అంటూ కిందికి దిగి స్పానరు తీసింది. "రా, బండి ఇట్లా ఒరగేసి పట్టుకో."