ఫస్ట్ ర్యాంకు ఫోటోగ్రాఫరు

దిల్‌సుఖ్‌నగర్‌లో దేనికి కోచింగ్ లేదు గనక, కెమెరాకు లేకపోవడానికి? మా ఆయన అక్కడే ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతారు. ఏ విద్యయినా నేర్చుకోవడమంటే ఆయన దృష్టిలో బ్యాచ్‌లో చేరడం, మెటీరియల్ తెచ్చుకోవడం, టెస్టు రాయడం. అందుకని డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా కొన్న వారంలోనే ఒక బట్టల షాపు పై అంతస్తులో ఫోటోగ్రఫీ క్లాసుకు డబ్బు కట్టేశారు.

క్లాసు నిండా జనమే గానీ బయటికి తీసిన కెమెరా ఒక్కటే, అదీ మాస్టారి మెడలో. మిగిలినవాళ్ళవి బ్యాగుల్లోనే ఉండాలి, లేకపోతే సిలబస్ పూర్తికాదట. ఆదివారం ఆదివారం బిట్ పేపరు. కదిలే బస్సును కదలనట్టు తీయాలంటే షట్టర్ స్పీడ్ ఎంత, కింది నాలుగింటిలో సరైనది గుర్తించుము. నేను పప్పుకు పోపు పెడుతుంటే వెనకాలే వచ్చి, "అపర్చర్ నంబరు తగ్గిస్తే ఏమవుతుంది, చెప్పు" అనేవారు.

"పోపు మాడుతుంది. తప్పుకోండి" అనేదాన్ని.

చివరి పరీక్షలో ఆయనకే ఫస్ట్ ర్యాంకు. మెట్రో పిల్లరు పక్కన ఫ్లెక్సీ కట్టారు. ఎంట్రన్సుల్లో ర్యాంకులు కొట్టిన కుర్రాళ్ళ వరసలో బట్టతలతో మా ఆయన. ఆ ఫోటో మాత్రం ఎవరో ఫోనులో తీశారు.

ఇంట్లో ఆయన ఫోటో తీయబోతే సెట్టింగులు కుదిరేలోపు నా నవ్వు ఆరిపోయేది. "కెమెరా చక్రం మీద పచ్చగా ఆటో అని ఉంది కదండీ, అటు తిప్పితే లెక్కలన్నీ అదే చూసుకుంటుందట, నొక్కేయొచ్చుగా" అన్నానొకసారి. ఎక్కడలేని కోపం వచ్చింది ఆయనకి. ఆటోలో పెట్టి తీయడమంటే పక్కవాడి పేపరు చూసి రాయడమేనట.

చివరికి ఆ ఫ్లెక్సీయే మా కొంప ముంచింది. ఎల్బీనగర్‌లో మా కింది పోర్షన్‌లో ఉండే ఎలక్ట్రీషియన్ దాన్ని చూసి మా ఇంటికొచ్చాడు. వాళ్ళది నల్గొండ వైపు పల్లె. భార్యాభర్తలిద్దరూ నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుని చాలాకాలమైంది. అతని అమ్మను మేమంతా అవ్వ అంటాం. ఆవిడ మాత్రం చర్చికి మానకుండా వెళ్తుంది గానీ నీళ్ళలోకి దిగమంటే దిగదు. చిన్నప్పుడు బావిలో పడిందట, చెంబుడు నీళ్ళు తల మీద పోసుకోవడానికే వణుకుతుంది. కొడుకు ఏళ్ళ తరబడి బతిమాలగా ఇన్నాళ్ళకు ఒప్పుకుంది.

"ఒక్కసారే మునుగుత, మళ్ల అడగొద్దన్నదక్కా" అన్నాడు. "సార్ ఒచ్చి ఫోటో తియ్యాలె. అమ్మది గోడకు పెట్టెటట్టు ఒక్క ఫోటో లేదు. ఫోన్ లేపితే చాలు, కొంగు మొఖం మీదికి గుంజుకుంటది. నీళ్లల్లయితే చేతులు పాస్టరయ్యగారు పట్టుకుంటడు గద, కప్పుకోనీకి రాదు."

నా గుండెల్లో రాయి పడింది. "ఎందుకైనా మంచిది, ఫోనుతో కూడా ఒకటి తీయించుకో తమ్ముడూ" అన్నాను. మా ఆయన నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూశారు.

హయత్‌నగర్ దాటాక ఉంది ఆ చర్చి. వెనకాల బాప్తిస్మం తొట్టి. మా ఆయన వెళ్ళీ వెళ్ళగానే చేసిన పని, అందరి ఫోన్లూ జేబుల్లో పెట్టించడం. ఫ్రేములో ఫోన్లు కనిపిస్తే ఫోటో పాడైపోతుందని క్లాసులో చెప్పినట్టే చెప్పారు. ర్యాంకు వచ్చిన మనిషి మాట మా వైపు ఎవరు కాదంటారు? అందరూ బుద్ధిగా లోపల పెట్టేశారు.

తెల్లచీరలో అవ్వ మెట్లు దిగింది. పాస్టరుగారు ఆమె చేతులు పట్టుకున్నారు. మా ఆయన పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకునేరు, ఫార్ములా. మబ్బు పట్టిందని ఏదో పెంచారు. ఎండ వచ్చిందని తగ్గించారు. ఈలోపు అవ్వ మునిగింది, లేచింది, జనం పాట అందుకున్నారు. అప్పుడు వినిపించింది క్లిక్కుమని.

ఆయన కెమెరా వెనక తెర చూసుకున్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా తగ్గకుండా, తాళి మళ్ళీ కట్టమని పెళ్ళికొడుకును అడిగే ఫోటోగ్రాఫరులా, "పాస్టరుగారూ, ఇంకొక్కసారి ముంచుతారా?" అన్నారు.

పాట ఆగిపోయింది. సిగ్గుతో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాస్టరుగారు అవ్వ వైపు చూశారు. అవ్వే మొహం మీది నీళ్ళు తుడుచుకుంటూ, "ఒక్కసారే అన్న గద బిడ్డా" అంది.

ఇంటికొచ్చాక వాళ్ళ ముందుగదిలో ఆ ఫోటో చూపించక తప్పలేదు. అవ్వ ఉండాల్సిన చోట తెల్లటి మసక. వెనక గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డ కొడుకు మాత్రం కనురెప్పలతో సహా స్పష్టంగా పడ్డాడు. ఒక చేయి నీళ్ళ వైపు చాచి, నోరు తెరిచి ఏడుస్తున్నాడు.

"దీన్ని డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు" అని మొదలుపెట్టారు మా ఆయన. నేను కాలు తొక్కాను.

"దీంట్ల అమ్మేది సార్?" అన్నాడు కొడుకు. తెర మీంచి మొహం తిప్పుకుని, "తీసెయ్యుండ్రి, ఉంచొద్దు" అన్నాడు.

"తీసెయ్యకుండ్రి" అంది అవ్వ. కెమెరా తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది. "నేను కండ్లు మూసుకున్న. ఏం గాదు, ఏం గాదని వీడే నన్ను దింపిండు. గింత భయపడ్డడని నాకెట్ల తెలుస్తది?" తెర మీద కొడుకు చెంపను బొటనవేలితో తుడిచి, కెమెరా మా ఆయన చేతికిచ్చేసింది. కొడుకు వైపు తిరిగి, "మంచిగనే లేచిన గదరా. ఇంకెందుకు భయం?" అని నవ్వింది. కొంగు భుజం మీదే ఉంది. కప్పుకోవాలన్న ధ్యాసే లేదామెకు.

మా ఆయన వేలు చక్రం మీదికి వెళ్ళింది. మళ్ళీ లెక్కలు మొదలుపెడతారని నేను నోరు తెరవబోయాను. ఆయన ఎవరి వైపూ చూడకుండా, చక్రాన్ని ఆ పచ్చ అక్షరాల మీదికి తిప్పి నొక్కేశారు.

ఇప్పుడు వాళ్ళ గోడ మీద ఉన్నది అవ్వ నవ్వుతున్న ఆ ఫోటోనే. చూసినవాళ్ళంతా ఫస్ట్ ర్యాంకంటే ఇదీ అంటారు. ఆ రోజు పక్కనే ఉండి చూసినా, ఆటో మాట నేను ఇంతవరకూ ఎత్తలేదు.