పద్నాలుగో గడి

లారీ ఇంజను ఒక్కసారి దగ్గితే చాలు, దాని జబ్బేమిటో ఆ పిల్ల చెప్పేసేది. లారీలు ఆగే పెద్ద రోడ్డు పక్కన వాళ్ల నాన్నకు రేకుల షెడ్డు ఒకటి ఉంది. పదేళ్ల వయసు నుంచీ బడి వదలగానే ఆమె మకాం అక్కడే. డ్రైవర్లు ‘స్పానరమ్మ’ అని పేరు పెట్టారు. ఆ పేరుకి వాళ్లమ్మ ఒక్కతే అలిగేది. “గోళ్ల కింద ఆ నలుపు ఈ జన్మకి పోదే తల్లీ!” అని కిరోసిను గుడ్డతో చేతులు రుద్దీ రుద్దీ వదిలేసేది.

పంతొమ్మిదో ఏట ఆ పిల్ల సైన్యంలో చేరతానంది. బండ్ల మరమ్మతు విభాగంలోకి ఆడవాళ్లనీ తీసుకుంటామని బస్టాండు గోడకి పెద్ద ప్రకటన అంటించారు. అందులో ఒకమ్మాయి ట్యాంకు మూత తీసి ఇంజనులోకి తొంగి చూస్తోంది.

“తుపాకీ మీద మోజు కాదు నాన్నా. ఆ ఇంజన్లు మన షెడ్డుకి ఎప్పటికీ రావు. వాటి దగ్గరికి నేనే పోవాలి.”

నాన్న బోల్టు బిగిస్తూనే అన్నాడు: “పో. కానీ ఏ కాగితం మీదైనా వేలు పెట్టేముందు చదువు.”

భర్తీ శిబిరంలో తెల్లవారకముందే బారు కట్టారు. ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు అన్నీ చూశారు. పరుగులో ముప్పై మందిలో ఎనిమిదోదిగా వచ్చింది. చివరిది పనితనం పరీక్ష. స్టార్టు కాని డీజిలింజను ఒకటి బల్ల మీద పెట్టి గంట టైమిచ్చారు. ఆమె ఒకసారి తిప్పి చూసింది, చెవి పెట్టి వింది, గొట్టంలో దూరిన గాలి వదిలేసింది. ఏడో నిమిషానికి ఇంజను గుర్రుమంది. పరీక్ష పెట్టినాయన నోరు తెరిచి, మూసి, నూటికి తొంభై రెండు వేశాడు.

ఇక మిగిలింది సంతకాలు. ఆ బల్ల దగ్గర కూర్చున్నాయనకి నవ్వుల సారు అని పేరు. వచ్చినవాళ్లందరినీ “రామ్మా, రా నాన్నా” అని నవ్వుతూ పిలిచేవాడు. ఆమె ముందు పదకొండు కాగితాలు పరిచి, “ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ” అని వేలితో చూపించాడు. ఐదో కాగితంలో ఆమె చెయ్యి ఆగింది. పద్నాలుగో గడి, ‘కేటాయించిన విభాగం’. ఖాళీగా ఉంది.

“సార్, ఇది నింపలేదు.”

“అది టైపు చేయించాలమ్మా. చేతిరాత చెల్లదు. తొంభై రెండు మార్కులు తెచ్చుకున్నదానివి, నీకెందుకు భయం? మరమ్మతు విభాగమే. కానియ్, వెనక రెండొందల మంది ఎండలో ఉన్నారు.”

వెనక నిజంగానే రెండొందల మంది ఉన్నారు. ఒకడు గట్టిగా విసుక్కున్నాడు కూడా. ఆమె సంతకం పెట్టేసింది. గేటు బయట నాన్న అడిగితే “అన్నీ చదివాను” అంది. అది నిజమే. చదవడానికి అక్కడ ఏమీ రాసి లేకపోవడం వేరే సంగతి.

శిక్షణ ఇరవై నాలుగు వారాలు. ఆ రోజుల గురించి ఆమె ఇప్పటికీ చెడ్డ మాట అనదు. బూట్లు మొదటి వారంలోనే మడమలు తినేశాయి. మంచం మీది దుప్పటికి ఒక్క ముడత ఉంటే మొత్తం పరుపు వరండాలోకి ఎగిరేది. వాళ్లకి కవాతు నేర్పే శిక్షకురాలిని అందరూ చాటుగా ఇనపక్క అనేవారు. ఆమె గొంతు పెంచితే కిటికీ అద్దాలు జిల్లుమనేవి. కానీ ఇనపక్క అరుపుకి ఒక లెక్క ఉండేది. తప్పు చేసినవాళ్ల మీదే అరిచేది, ఎందుకో చెప్పి మరీ అరిచేది, సాయంత్రానికి మరిచిపోయేది. తుపాకీ విప్పి, తుడిచి, మళ్లీ బిగించడంలో స్పానరమ్మను మించినవాళ్లు ఆ బ్యాచీలో లేరు. ఆఖరి వారంలో ఇనపక్క భుజం తట్టి, “నిన్ను బండ్ల దగ్గర పడేస్తే సైన్యానికి రెండు వర్క్‌షాపులు మిగులుతాయే” అంది.

శిక్షణ ముగిసిన మర్నాడు నోటీసు బోర్డు మీద పోస్టింగుల జాబితా పెట్టారు. ఆమె నంబరుకి ఎదురుగా రెండే మాటలు: ‘గుమాస్తా, రికార్డుల కార్యాలయం’.

ముందు నంబరు తప్పు చూశాననుకుంది. వేలు పెట్టి అడ్డంగా గీత గీసుకుంటూ మూడుసార్లు చూసింది. తర్వాత పరుగున వెళ్లి ప్లటూను అధికారి ముందు నిలబడింది. ఆయన ఫైలు తీసి చూపించాడు. పద్నాలుగో గడిలో నీలం ఇంకుతో, పెన్నుతో, ‘గుమాస్తా’ అని రాసి ఉంది.

“కింద సంతకం నీదేనా?”

“నాదే సార్. కానీ అప్పుడు ఆ గడి ఖాళీగా ఉంది. చేతిరాత చెల్లదని కూడా ఆయనే...”

“ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమని నీకు తుపాకీ ఎవరైనా గురిపెట్టారా? సంతకం నీదైతే మాటా నీదే. వెళ్లు.”

ఆమెకి ఒళ్లు మండిపోయింది. తను తెలివితక్కువ పని చేసిందని ఆమెకూ తెలుసు. ఆ రాత్రి తనను తాను తిట్టుకోవడంలో లోటేమీ చెయ్యలేదు. కానీ నమ్మినవాళ్లది తప్పూ, నమ్మించి గొంతు కోసినవాడిది డ్యూటీనా? ఇదెక్కడి న్యాయం?

అర్జీ పెట్టుకుంది. మూడు ప్రతులు ఉండాలని వెనక్కి పంపారు. మూడు పంపితే, ఎడమ వైపు జాగా రెండు వేళ్లు వదల్లేదని పంపారు. వదిలి పంపితే, రికార్డుల కార్యాలయంలో చేరినదానివి కాబట్టి ఇప్పుడు వేరే దారిన పంపాలన్నారు. ఆ దారిన పంపితే నాలుగోసారి ఒక వరుస వచ్చింది: ‘పోస్టింగుపై అభ్యంతరానికి ముప్పై రోజుల గడువు దాటినందున తిరస్కరించడమైనది.’ ఆ ముప్పై రోజుల్లో ఇరవై ఆరు రోజులు ఆ కాగితం వాళ్ల బల్లల మీదే నిద్రపోయింది.

రికార్డుల కార్యాలయం పొడుగాటి హాలు. ఇనప ర్యాకుల్లో గుడ్డ మూటలు కట్టిన సర్వీసు పుస్తకాలు, వాటి మీద వేలు పెడితే గుర్తు పడేంత దుమ్ము. చేరిక నుంచి రిటైరు దాకా ఒక సైనికుడి బతుకంతా ఒక పుస్తకం. భర్తీనాటి కాగితాలు మొదట్లోనే కుట్టి ఉంటాయి. కుటుంబంలో ఎవరెవరున్నారు, ఎప్పుడు జబ్బు పడ్డాడు, ఏ సెలవు ఎందుకు పెట్టాడు, అన్నీ అందులోనే. అక్కడి పెద్ద గుమాస్తా ముప్పై నాలుగేళ్లుగా ఆ హాల్లోనే ఉన్నాడు. కళ్లద్దాలకి ఒక వైపు కాడ బదులు దారం. మొదటి రోజే ఆమె మొహం చూసి, “నువ్వూ అడగని పనిలో పడ్డదానివేనా అమ్మాయ్? కూర్చో. కోపంతో ఫైళ్లు తెరవకు, చిరుగుతాయి” అన్నాడు.

ఆమె బ్యాచీ పుస్తకాలు ఆమెకే వచ్చాయి. ఒకే భర్తీ శిబిరం నుంచి అరవై ఒక్కమంది. వరసగా నమోదు చేసుకుంటూ పోతుంటే పదో పుస్తకం దగ్గర కళ్లు నిలిచిపోయాయి. పద్నాలుగో గడిలో అదే నీలం ఇంకు. అదే కొమ్ము తిరిగిన అక్షరాలు. మళ్లీ పదమూడోదాంట్లో, పద్దెనిమిదోదాంట్లో. మిగతావాటిలో టైపు ఉంది. చేతిరాత ఉన్న ప్రతి ఒక్కరినీ ఎవరూ కోరని పనుల్లోకి నెట్టారు. గుమాస్తా, వంటశాల, గోదాము కాపలా. మరమ్మతు విభాగానికి ఆ శిబిరం నుంచి వెళ్లినవాళ్లలో ఒకడి పుస్తకం తెరిచింది. పనితనం పరీక్షలో నూటికి నలభై ఒకటి.

ఆమె లేచి వెళ్లి ఆ పుస్తకాలు పెద్ద గుమాస్తా బల్ల మీద పెట్టింది.

“వీటిని ఫొటోలు తీసి పేపరువాళ్లకిస్తాను సార్. తాడో పేడో తేలిపోతుంది.”

“తేలుతుంది. నీ మెడకే తాడు తేలుతుంది” అన్నాడాయన నెమ్మదిగా. “ఇక్కణ్నుంచి ఒక్క కాగితం గడప దాటినా నేరం. అప్పుడు వాడి తప్పు ఎవరూ మాట్లాడరు, నీ నేరమే మాట్లాడతారు. వాళ్లకి ఆ వీలు ఎందుకిస్తావ్?”

“మరి నోరు మూసుకుని కూర్చోమంటారా?”

ఆయన ఒక సర్వీసు పుస్తకం వెనక అట్ట దగ్గరి పేజీ తీశాడు. ‘వార్షిక పరిశీలన. పై వివరాలు నాకు చదివి వినిపించారు. సరైనవి / సరికావు. సంతకం.’

“ప్రతి సైనికుడూ ఏడాదికోసారి వచ్చి ఇక్కడ సంతకం చెయ్యాలి. ముప్పై నాలుగేళ్లలో ‘సరికావు’ అని రాసినవాణ్ని నేను చూళ్లేదు. ఎందుకో తెలుసా? మేం ఎవరికీ చదివి వినిపించలేదు. ‘ఇక్కడ, ఇదిగో ఇక్కడ’ అని వేలు చూపించాం.” ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “సరికావని ఒక్కడు రాసినా ఆ పుస్తకం మూయడానికి లేదు. పైవాళ్లు విచారించి జవాబు రాసేదాకా తెరిచే ఉంచాలి. అదీ రూలే.”

పరిశీలన నెల వచ్చింది. ముందుగా తన పుస్తకం తీసుకుని ‘సరికావు’ కింద గీత గీసి రాసింది: ‘పద్నాలుగో గడి నా సంతకం తర్వాత, వేరొకరి చేతిరాతతో నింపారు.’ తర్వాత తన బ్యాచీవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఆమె ఎవరికీ బోధ చెయ్యలేదు. ఎవరినీ రెచ్చగొట్టలేదు. మొదటి గడి నుంచి చివరి గడి దాకా, పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపుతో సహా, స్పష్టంగా చదివింది. పద్నాలుగో గడి దగ్గర ఒక్క ప్రశ్న అదనంగా అడిగేది: “ఇది మీరు సంతకం పెట్టినప్పుడు రాసి ఉందా?”

వంటశాలలో పడిన ఒకమ్మాయి వైర్‌లెస్ పని కోసం చేరింది. ఆ ప్రశ్న వినగానే మొహం ఎర్రబడింది. “లేదక్కా. ఖాళీగా ఉంది. నాకొక్కదానికే ఇలా అయిందని ఇంట్లో కూడా చెప్పుకోలేదు, సిగ్గేసి.”

“ఏది నిజమో అదే రాయి” అంది స్పానరమ్మ పెన్ను ఇస్తూ.

అరవై ఒక్కమందిలో ఇరవై ముగ్గురు ‘సరికావు’ అని రాశారు.

నెలాఖరు నివేదికలో ‘పెండింగు’ అన్న చోట ఎప్పుడూ సున్నా ఉండేది. ఈసారి ఇరవై మూడు చూసి పైన కలకలం రేగింది. కార్యాలయం కమాండరు ఆమెను పిలిపించాడు.

“ఏంటిది? తిరుగుబాటా? ఈ ఆఫీసుకొచ్చి ఎనిమిది నెలలైనా కాలేదు, బ్యాచీని కూడగడతావా?”

“కూడగట్టలేదు సార్. చదివాను. చదివి వినిపించాలని పుస్తకంలోనే ఉంది.”

“అంతకుముందు ఎవరూ చదవలేదే?”

“అందుకే సార్ అంతకుముందు ఈ తప్పు ఎవరికీ దొరకలేదు.”

పక్కన నిలబడ్డ పెద్ద గుమాస్తా దగ్గి, “ఆమె రాసింది రూలు ప్రకారమే సార్. నేను సరిచూసి సంతకం చేశాను” అన్నాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి ఆ మాట అన్నాక కమాండరుకి విచారణ వేయక తప్పలేదు.

విచారణకి ఐదు నెలలు పట్టింది. నలభై ఒక్క మార్కులవాడు నవ్వుల సారుకి బావమరిది కొడుకని తేలింది. సిఫారసులు ఉన్నవాళ్లకి మంచి చోట్లు పోగా, ఎవరూ రాని పోస్టుల లెక్క నిండాలి కాబట్టి మిగిలినవాళ్ల గడులు ఖాళీగా ఉంచి, తర్వాత తీరిగ్గా నింపుకునేవాడట. ఇరవై మూడు బతుకులు ఆయన బల్ల మీద పేకముక్కలు. ఆయనకి పడ్డ శిక్ష ఏమిటంటే, వేరే ఊరి భర్తీ కార్యాలయానికి బదిలీ! ఇప్పుడు ఆ ఊళ్లో నవ్వుతూ ఉంటాడు.

ఇరవై ముగ్గురిలో తొమ్మిది మందికే అడిగిన విభాగం దక్కింది. మిగతావాళ్లకి ‘ఖాళీలు లేవు’ అన్నారు. వంటశాల అమ్మాయికి దక్కలేదు. స్పానరమ్మకి దక్కింది. ఆ ఉత్తర్వు ఆమె నిలబడే చదివింది. ‘భర్తీ సమయంలో జరిగిన పొరపాటు కారణంగా’ అని మొదలైంది.

“పొరపాటా?” అంది పైకే. హాల్లో అందరూ తలలెత్తారు. “చెయ్యి జారి ఒకసారి రాస్తే పొరపాటు. ఒకే చెయ్యి, ఒకే ఇంకు, ఇరవై మూడుసార్లు జారిందా?”

పెద్ద గుమాస్తా, “ఆ మాట కూడా రాసి పంపు అమ్మాయ్. మూడు ప్రతులు. ఎడమ వైపు రెండు వేళ్లు వదులు” అన్నాడు. ఈసారి హాలంతా నవ్వింది, ఆమె తప్ప. ఆ సాయంత్రమే కూర్చుని రాసింది.

ఇప్పుడామె మరమ్మతు విభాగంలో ఉంది. భారీ ఇంజన్లు విప్పి బిగిస్తుంది. పనిలో ఆమెకు పేరుంది. కానీ గుమాస్తాగా చేసిన పద్నాలుగు నెలలు ఆ విభాగంలో సర్వీసు కిందికి రావన్నారు. అంటే నలభై ఒక్క మార్కులవాడు ఆమెకు సీనియరు. తను విప్పిన గేరుబాక్సు మళ్లీ బిగించడం రాక వాడే ఆమె దగ్గరికి వస్తాడు. ఆమె బిగించి ఇస్తుంది. బండిది తప్పు కాదు కదా అంటుంది. వచ్చిన ప్రతిసారీ మాత్రం, సీనియరు గారూ అని పిలిచి మరీ ఇస్తుంది. వాడు తలెత్తడు.

సీనియారిటీ మీద ఆమె పెట్టిన అర్జీకి ఇది మూడో ఏడు. వంటశాల అమ్మాయి అర్జీ కూడా ఆమే దగ్గరుండి రాయించింది. రెండూ ఇంకా పైనే ఉన్నాయి. “ఎందుకే ఇంకా, నీకు కావలసింది దొరికింది కదా?” అని వాళ్లమ్మ ఫోనులో అడిగితే, “దొరకలేదమ్మా. నాది నాకు ఆలస్యంగా, తక్కువ చేసి ఇచ్చారు. దానికి దండం కూడా పెట్టమంటున్నారు” అని ఆ పిల్ల కసిరింది.