కుళాయి పక్కన మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నేను పాడేరులో బడిలో పాఠం చెబుతుండగా వచ్చింది. మా ఊళ్లో సెల్లు పలకదు. ఆమె కొడుకు సిగ్నలు కోసం మెట్ట ఎక్కి, అక్కణ్నుంచి ఫోన్ చేశాడు. "అప్పా, అమ్మ ఎల్లిపోనాది. బేగి రా" అన్నాడు. మావైపు అక్కను అప్ప అంటారు. వానలో గెడ్డకు, అంటే కింద పారే కొండవాగుకు, నీళ్ల కోసం వెళ్లి, పాచి పట్టిన రాయి మీద జారి, తుంటి విరిగి మంచాన పడిన మనిషి మళ్లీ లేవలేదు.

డుంబ్రిగుడకు పైన, కొండవాలులో ఉంటుంది మా ఊరు. ఆఫీసువారి లెక్కలో మా ఊరికి కుళాయి ఉంది, అందులో నీళ్లూ ఉన్నాయి. ఆ లెక్కన మా పెద్దమ్మ గెడ్డకు వెళ్లనూ లేదు, జారనూ లేదు. పాపం, ఆమెకా సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

అమ్మ పోయాక చోడంబలి పోసి నన్ను పెంచింది ఆవిడే. పొగచుట్ట నిప్పు నోట్లోపలికి పెట్టుకుని కాల్చేది. అధికారులు ఉపన్యాసం చెబుతుంటే చుట్ట తీయకుండా వినేది. జవాబు చెప్పదగ్గ మాట ఏదైనా వస్తే అప్పుడు తీసేది. చాలా ఉపన్యాసాలకు చుట్ట నోట్లోనే ఉండిపోయింది.

మా ఊళ్లో ఒక ఆచారం ఉంది. ఎండాకాలంలో ఊటగుంట పూడిక తీసి శుభ్రం చేశాక, పెద్ద వయసు ఆడమనిషి మొదట నీళ్లు ముంచి నేలకు పోస్తుంది. ఆ తర్వాతే ఎవరైనా తాగేది. "తొలి నీళ్లు నేలవి" అనేది పెద్దమ్మ. పాడేరు హోటల్లో గ్లాసు ఇచ్చినా బల్ల కింద నాలుగు చుక్కలు వదిలేది. హోటలాయన విసుక్కునేవాడు. ఆవిడ పట్టించుకునేది కాదు.

ఊళ్లో సిమెంటు దిమ్మ కట్టి కుళాయి బిగించిన ఏడు నేను సెలవులకు అక్కడే ఉన్నాను. కొండ మీంచి రావాల్సిన పైపు మాత్రం రాలేదు. అధికారి వచ్చాడు, చేతిలో కొత్త డిజిటల్ కెమెరా. రీలు కెమెరాల రోజుల్లో అబద్ధాన్ని కూడా కడిగి ఆరబెట్టాల్సి వచ్చేది. ఇప్పుడా శ్రమ తప్పింది. దిమ్మ వెనక ఒక డ్రమ్ము పెట్టారు. అటెండరు దాని పక్కన నక్కి కూర్చుని కుళాయి గొట్టంలోకి చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. ఊరంతటికీ కనబడుతూనే ఉన్నాడు, కెమెరాకు తప్ప.

పెద్దమ్మను పిలిచి బిందె పెట్టమన్నారు. ఆవిడ పెట్టింది. సగం నిండగానే ఎత్తి నేలమీద కుమ్మరించింది. మళ్లీ పెట్టింది, మళ్లీ కుమ్మరించింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు అధికారి.

"తొలి నీళ్లు నేలవి బాబూ. నేలకింకా సాల్లేదు" అంది.

దిమ్మ వెనక నుంచి తల పైకి లేచింది. "సార్, డ్రమ్ము అయిపోనాది."

అటెండరు బకెట్టు పట్టుకుని గెడ్డకు పరిగెత్తాడు. మోకాళ్ల దాకా బురదతో, రొప్పుతూ తిరిగొచ్చి మళ్లీ గొట్టంలో పోయడం మొదలుపెట్టాడు. అతన్ని చూసి పెద్దమ్మకు నవ్వు ఆగలేదు. అధికారి ఆ క్షణంలోనే ఫోటో తీశాడు. తర్వాత అది ఆఫీసు వెబ్‌సైటులోకి ఎక్కింది. కింద 'లబ్ధిదారు ముఖంలో ఆనందం' అని రాశారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. మాకు ఆ పేరైనా కంప్యూటరులోనే.

పైపు సంగతేమిటని ఊరివాళ్లు వెళ్లి అడిగితే, "పని పూర్తయినట్టు కంప్యూటరులో ఎక్కిపోయింది, ఇక మా చేతుల్లో లేదు" అన్నారు. వెనకటికి కాగితం మీద అబద్ధం రాసినవాడు కాస్త చూపు తిప్పుకునేవాడు. వీళ్లు తెరను మనవైపు తిప్పి మరీ చూపించారు. ఇలాంటివాళ్ల మీద నాకు కోపం కూడా రాదు, రోత పుడుతుంది.

పెద్దమ్మ మర్నాడు ఖాళీ బిందె చంకనెత్తుకుని ఆఫీసుకు వెళ్లింది, తోడుగా నేను. బిందెను కంప్యూటరు ముందు బల్లమీద పెట్టి చుట్ట తీసింది.

"నీళ్లు ఈ పెట్టెలో ఉన్నాయంటన్నారు గదా. బిందె తెచ్చినాను బాబూ. పొయ్యండి."

గుమాస్తాలు నవ్వారు. ముసలామెకు కంప్యూటరంటే తెలీదు పాపం అన్నాడు అధికారి. జీపులో తిరిగొస్తుంటే పెద్దమ్మ నాతో అంది: "ఆడికి తెలుసు గుంటా, నాకూ తెలుసు. ఆ పెట్టెకే తెలీదు."

నేను చదువుకున్నదాన్ని కదా, నా తెలివీ చూపించాను. ఎండిన కుళాయిని సెల్లుతో ఫోటో తీసి, ఫిర్యాదుల విభాగానికి నెట్ సెంటరు నుంచి పంపాను. కెమెరా ఇప్పుడు మన చేతిలోనూ ఉంది, ఇక వీళ్ల ఆటలు సాగవు అనుకున్నాను. 'మీ సమస్య పరిష్కరించబడింది' అని జవాబొచ్చింది. రుజువుగా ఒక ఫోటో జతచేశారు. అందులో పెద్దమ్మ నవ్వుతోంది.

ఆ తర్వాత కూడా ఆవిడ రోజూ గెడ్డకు దిగుతూనే ఉంది, జారి పడిన రోజు దాకా. ఆ పైపు వచ్చి ఉంటే మా పెద్దమ్మ ఇవాళ బతికి ఉండేది. ఈ మాట ఎంత సౌమ్యంగా చెబుదామన్నా నాకు చేతకావడం లేదు.

పెద్దదినానికి ఫోటో కావాల్సి వచ్చింది. ఇల్లంతా వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఆవిడను ఎవరూ, సెల్లున్న నేను కూడా, ఎప్పుడూ ఫోటో తీయలేదు, ఆ అధికారి తప్ప. తమ్ముడు అరకు వెళ్లి వెబ్‌సైటులోంచే అచ్చు వేయించాడు. కుళాయి కనబడకుండా కత్తిరించమంటారా అని నెట్ సెంటరు కుర్రాడు అడిగితే, "ఉండనీ. అటు సూసే గదా మాయమ్మ నవ్వుతున్నాది" అన్నాడట. ఆ వెబ్‌సైటులో పెద్దమ్మ వాళ్లను చూసి ఇంకా నవ్వుతూనే ఉంది. వాళ్లకది ఇప్పటికీ తెలియలేదు.

ఫోటోను గోడకు ఆనించి బంతిపూల దండ వేశాం. పెద్దమ్మ కోడలు గెడ్డ నుంచి బిందె మోసుకొచ్చి దాని ముందు దించింది. చీర అంచు మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఎవరూ చెప్పకుండానే వంగి, తొలి దోసెడు నేలకు పోసింది. ఫోటోలో కుళాయి నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి.